కాగితము శుద్ధమైనంత మాత్రమున చేతులు శుద్ధమగునా?

పుదుచ్చేరి పట్టణమునుండి కడలూరునకు పోవు రాజమార్గముమీద మురుంగపాక్కం అను ప్రాంతమున్నది. దాని ప్రక్కగా అరియాంకుప్పం నది నెమ్మదిగా సాగి సముద్రమును చేరుచున్నది. ఆ నదికి ఆవలి ఒడ్డున అరికమేడు దిబ్బ కలదు. 1945లో మార్టిమర్ వీలర్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వకములు జరిపించి, రోమా సామ్రాజ్యముతో జరిగిన వర్తకమునకు సాక్ష్యమిచ్చు మట్టిపాత్రలను వెలికి తీయించెను. క్రీస్తు ప్రభువు గలిలయ సముద్రతీరమున పడవలోనుండి బోధించిన కాలము నాటికే ఆ నదీముఖమున పడవలు సరకులు దింపుచుండెను. పడవ ఉన్నచోట బేరమును ఉండును. బేరమున్నచోట మనస్సాక్షికి పరీక్షయు ఉండును.

అట్టి చోటికి యానామునుండి ఒక తెలుగు విశ్వాసి పాత పడవ కొనుటకు వచ్చెనని ఊహించుడు. యానాము గోదావరీ తీరముననున్నను పుదుచ్చేరి పరిపాలనలోనిదే గనుక రెండు చోట్లకును రాకపోకలున్నవి. తూర్పు తీరమున చేపల సంతానవృద్ధికై ప్రభుత్వము విధించు వేట నిషేధము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు. నిషేధము ముగియులోగా పడవ సిద్ధముకానిచో ఆ యేటి మంచి వేట చేజారిపోవును. క్రొత్త పడవ కొను స్థోమత అతనికి లేదు. భార్య చెవికమ్మలు కుదువబెట్టి తెచ్చిన సొమ్ము నడుమున కట్టుకొని ఒడ్డున నిలిచియున్నాడు.

పాత పడవను పరీక్షించుట అతనికి తెలియును. ఫైబరు పడవ అయినచో వ్రేలి కణుపులతో పొడవునా తట్టుచు పోవును. గట్టిగా పలికిన చోట పొరలు కలిసియున్నవనియు, బోలుగా పలికిన చోట విడిపోయినవనియు గ్రహించును. యంత్రము తగిలించు వెనుకభాగమును కాలితో నొక్కి చూచును. అది మెత్తబడినచో లోని చెక్క నీరు పట్టినదని అర్థము. కొయ్య పడవ అయినచో నీటిమట్టమునకు దిగువన పలకలలో కత్తిమొన గ్రుచ్చి, చెక్కను తొలుచు పురుగు చేరినదేమో చూచును. యంత్రపు నూనె పాలవలె తెల్లబడియున్నచో నీరు లోనికి చొచ్చినదని తెలిసికొనును. క్రొత్త రంగును చూచి మురిసిపోడు. రంగు వేయుట సుళువు, పగులు మాన్పుట కష్టమని అతడెరుగును.

ఈ పడవ ఆ పరీక్షలన్నిటిలోను నిలిచినది. కాని ముందుభాగమున క్రొత్త నీలిరంగు క్రింద మరియొక పేరు లీలగా కనబడుచున్నది. యంత్రముమీద అంకెలుండు రేకు ఊడదీయబడియున్నది. ధర చూడగా అటువంటి పడవకు పలుకవలసిన దానిలో సగము కంటె తక్కువ. విశ్వాసి ఒక నిమిషము తటపటాయించెను. తెలుగు తెలిసిన దళారి చిరునవ్వుతో, “కాగితాలన్నీ ఉన్నాయి కదండీ! పాత సంగతులు మీకెందుకు? మీరు వద్దంటే సాయంత్రానికి ఇంకొకరు పట్టుకుపోతారు” అనెను.

ఇదియే ప్రశ్న. పడవ దృఢముగా నున్నది, కాగితమును ఉన్నది. అమ్మువాని చేత పత్రమున్నచో కొనువాని మనస్సాక్షికి ఇక పని లేదా? ఒక వస్తువు ఎట్లు వచ్చినదని అడుగవలసిన బాధ్యత దానిని దొంగిలించిన వానికేనా, వెలయిచ్చి కొన్నవానికి కూడనా?

ముద్రవేసిన దోపిడి

ఈ ప్రశ్నకు బంగాళాఖాతముమీదనే ఒక దీర్ఘ చరిత్ర కలదు. ఐరోపా రాజ్యములు ఒకదానితో నొకటి యుద్ధము చేయు కాలమున, ప్రభుత్వ నౌకాదళములు చాలక, స్వంత ఓడలుగల వర్తకులకు ఒక అనుమతి పత్రము ఇచ్చుచుండిరి. ఆ పత్రము పొందినవాడు తన ఖర్చుతో ఫిరంగులును మనుష్యులను సమకూర్చుకొని, శత్రుదేశపు వర్తకనౌకలను పట్టుకొనవచ్చును. అట్టి ఓడలకు ప్రైవేటీర్లు అని పేరు. పట్టుబడిన ఓడను న్యాయస్థానమునకు తెచ్చి, అది నిజముగా శత్రువుదేనని తీర్పు పొందిన పిమ్మట వేలము వేయుదురు. వచ్చిన సొమ్ము ఓడ యజమానులును నాయకుడును నావికులును వాటాలు వేసికొందురు. ఆ తీర్పు వెలువడినంతనే పూర్వపు యజమానుని హక్కు సమూలముగా నశించును. వేలములో కొన్నవానికి లోకమంతటి యెదుట చెల్లునట్టి హక్కు కలుగును.

న్యాయముగా చెప్పవలెనన్న, ఇది కట్టుబాటు లేని దోపిడి కాదు. అనుమతి పొందువాడు జామీను కట్టవలెను. తటస్థ దేశపు ఓడను పట్టినచో న్యాయస్థానము దానిని విడిపింపవచ్చును, నష్టపరిహారము కూడ ఇప్పింపవచ్చును. లొంగిపోయిన వారిని చంపరాదు. అయినను ఒక సంగతి మిగిలియున్నది. ఓడలోని బియ్యమును బట్టలును పట్టబడిన దినమున ఏ యుద్ధమును చేయలేదు. వాటి యజమాని చేసిన తప్పెల్ల, వేరొక రాజు క్రింద పుట్టుటయే.

పత్రమునకున్న ప్రభావమెంతటిదో రోబెర్ సుర్కూఫ్ చరిత్ర తేటపరచును. ఇతడు ఫ్రాన్సులోని సెయింట్ మాలో రేవున 1773లో జన్మించిన నావికుడు. 1793లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొనగా, ఈ సముద్రములో ఫ్రెంచివారి ప్రైవేటీర్లకు నేడు మారిషస్ అనబడు ద్వీపమే ఆధారమాయెను. 1795లో సుర్కూఫ్ అచ్చటినుండి ‘ఎమిలీ’ అను ఓడలో బయలుదేరెను. ఓడలను పట్టుటకు గవర్నరు అతనికి అనుమతి పత్రమియ్యలేదు. అయినను అతడు బంగాళాఖాతమున ప్రవేశించి ఓడలను పట్టసాగెను. వాటిలో ఒకటి బియ్యపు ఓడ. 1796 జనవరిలో ఒడిశా తీరమందలి బాలాసోరు సమీపమున, సుమారు 20 మంది మనుష్యులతో, ‘ట్రైటన్’ అను ఈస్టిండియా కంపెనీ పెద్ద ఓడను పట్టుకొనెను.

అతడు తిరిగి రాగా గవర్నరు, అనుమతి పత్రము లేదను కారణముచేత, ఆ పట్టుబడి సొమ్మంతయు ప్రభుత్వపరము చేసెను. ఓడలను వాటి యజమానులకు తిరిగి పంపలేదు. సొమ్ము మాత్రము చేతులు మారినది. సుర్కూఫ్ పారిసుకు పోయి మొరపెట్టుకొనగా, 1797లో అచ్చటి ప్రభుత్వము అతని పక్షమున నిర్ణయము చేసి సొమ్ము మంజూరు చేసెను. తరువాత అతడు సరియైన పత్రముతో వచ్చి, 1800 అక్టోబరు 7న ‘కాన్ఫియాన్స్’ అను చిన్న ఓడతో గంగా ముఖద్వారమునకు చేరువలో ‘కెంట్’ అను గొప్ప ఓడను పట్టుకొనెను. ఆ పోరులో కెంటు నాయకుడు మరణించెను. ఫ్రాన్సు సుర్కూఫును వీరునిగా కీర్తించినది.

ఇందు యోచింపవలసిన విషయమొకటి కలదు. 1796లో చేసిన పనియు 1800లో చేసిన పనియు పట్టుబడినవారి దృష్టికి ఒక్కటే. మొదటిసారి పత్రము లేదు గనుక అది నేరమువలె కనబడినది. రెండవసారి పత్రమున్నది గనుక అది కీర్తి తెచ్చినది. ఇది ఫ్రెంచివారి దోషము మాత్రమే కాదు. ఆంగ్లేయ కంపెనీ ఓడలును తరచుగా అట్టి పత్రములతోనే ప్రయాణము చేయుచుండెను. భక్తుడైన ఔగుస్టీను ‘దేవుని పట్టణము’ అను గ్రంథమున ఒక పాత కథను జ్ఞాపకము చేసెను. అలెగ్జాండరు చక్రవర్తి చేతికి చిక్కిన సముద్రపు దొంగ, తనకును చక్రవర్తికిని గల భేదము ఓడల సంఖ్యలోనే యున్నదని నిర్భయముగా పలికెనట. న్యాయము లేనిచో రాజ్యమునకును దోపిడి గుంపునకును భేదమెక్కడిదని ఆ భక్తుని ప్రశ్న. ఆ ప్రశ్నకు రాజముద్ర ఎన్నడును జవాబు కానేరదు.

కొనువారు లేనిచో

ఓడలను పట్టిన వారి సాహసమునుగూర్చి అనేకులు వ్రాసిరి. వాటిని కొన్నవారినిగూర్చి వ్రాసినవారు కొద్దిమంది. కాని కొనువాడు లేనిచో పట్టువానికి ప్రయోజనమేమి? ఫిరంగులకును మందుగుండునకును ముందుగా పెట్టుబడి పెట్టిన వర్తకుడు, వేలములో ఓడయు సరకును అమ్ముడు పోవునను నమ్మికతోనే పెట్టెను.

మారిషస్‌లో పట్టుబడి ఓడలును సరకులును కుప్పలుగా పడియుండగా, వాటిని కొనుటకు తటస్థ దేశముల వర్తకులు వచ్చుచుండిరి. అమెరికావారు వచ్చిరి, డేనులు వచ్చిరి. డెన్మార్కునకు ఆ దినములలో ఈ తీరముననే తరంగంబాడి యను స్థావరముండెను. అది పుదుచ్చేరికి దక్షిణముగా 100 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. తరంగంబాడి వర్తకులు డేనుల జెండా క్రింద మారిషస్‌కు పోయి, పట్టుబడి ఓడలను చవుకగా కొని, మరల ఈ తీరమునకే తెచ్చి అమ్ముచుండిరి. కొన్ని బేరముల వెనుక ఆంగ్లేయ వర్తకుల పెట్టుబడియే దాగియుండెను. అనగా, కలకత్తాలో పోయిన ఓడ క్రొత్త పేరుతో, క్రొత్త జెండాతో, క్రొత్త కాగితములతో తిరిగి వచ్చి పాత రేవులోనే లంగరు వేయుటకు అవకాశముండెను.

తరంగంబాడి పేరు వినినప్పుడు ప్రొటెస్టంటు విశ్వాసి హృదయము ఉప్పొంగును. 1706 జూలై 9న బర్తొలొమయస్ జీగెన్‌బాల్గును హెన్రీ ప్లూట్షౌయు దిగినది ఆ ఒడ్డుననే. తెలుగులోనికి లేఖనములను అనువదించుటకు పూనుకొనిన బెంజమిన్ షుల్జ్ కూడ ఆ మిషను సేవకుడే. సువార్త దిగిన ఆ రేవులోనే తొంబది సంవత్సరముల పిమ్మట పట్టుబడి ఓడలును దిగినవి. ఆ వర్తకులలో అనేకులు ఆదివారమున ఆలయములో కూర్చుండిన వారే అయియుందురు. వారెవరిని కొట్టలేదు, ఎవరిని చెరపట్టలేదు. వేలము పాటలో న్యాయముగా వెల చెల్లించిరి. వారి కాగితములు శుద్ధముగానే యుండెను.

అయితే వెల చెల్లింపబడనివారు కొందరుండిరి. ఆనాటి ఆంగ్ల నౌకాచట్టములో, ఓడకు బాడుగ రానిచో నావికునకు జీతము లేదను సూత్రముండెను. ఓడ శత్రువు చేతికి చిక్కినచో బాడుగ పోవును; బాడుగతోపాటు కళాసీ కూలియు పోవును. ఈ తీరపు వర్తకనౌకలలో పనిచేసిన కళాసీలలో తెలుగు కోరంగివారును ఉండిరి. యానామునకు చేరువనున్న కోరంగి ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరుపొందిన రేవు. దూరపు రేవులో వేలము పాడినవాడు ఓడ దుంగలను చూచెను, తెరచాపలను చూచెను. కూలి పోగొట్టుకొన్న కళాసీ యింటిలో పొయ్యి వెలుగకుండుటను చూడలేదు. చూడనక్కరలేని చోట నిలువబడియే అతడు వేలము పాడెను.

మిషను పనియు ఆ దెబ్బను చవిచూచినది. 1794లో నిర్మింపబడిన ‘డఫ్’ అను ఓడను, తరువాత లండన్ మిషనరీ సంఘమని పేరుపొందిన సంఘమువారు, 1796లో కొనిరి. దాని మొదటి నాయకుడైన జేమ్స్ విల్సను పూర్వము ఈ తీరముననే ఖైదీగా నుండెను. కడలూరులో ఫ్రెంచివారి చెరనుండి తప్పించుకొని, కొల్లడం నదిని ఈది, మరల పట్టుబడి శ్రీరంగపట్టణము చెరసాలలో బాధపడిన మనుష్యుడు. అతడు తరువాత క్రీస్తును ఎరిగి, 1797లో సువార్తికులను తాహితి ద్వీపమునకు చేర్చెను. రెండవ ప్రయాణమున, వేరొక నాయకుని క్రింద, 1799 ఫిబ్రవరి 19న బ్రెజిలు తీరమున ఒక ఫ్రెంచి ప్రైవేటీరు ఆ ఓడను పట్టుకొనెను. సువార్తికులును వారి భార్యాబిడ్డలును మాంటెవిడియో రేవునకు కొనిపోబడిరి. పట్టినవారి పత్రము సరియైనదే. ఓడ మాత్రము సంఘమునకు తిరిగి దక్కలేదు. 1805లో విశాఖపట్టణమునకు జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజిలను పంపి తెలుగువారి మధ్య సేవ ప్రారంభించినది ఈ సంఘమే. పేద విశ్వాసుల కానుకలతో కొనిన ఓడను వేలములో చవుకగా కొనువాడు ఏమని తన మనస్సాక్షికి చెప్పుకొనగలడు?

లేఖనము చూపు మార్గము

పరిశుద్ధ గ్రంథము కాగితమును తృణీకరించదు. అబ్రాహాము తన భార్యను పాతిపెట్టుటకు మక్పేలా గుహను కొనినప్పుడు, ఎఫ్రోను దానిని ఊరకయే ఇచ్చెదననినను ఒప్పుకొనక, 400 తులముల వెండి తూచి, పురద్వారమున సాక్షులయెదుట హక్కు పొందెను. ఆ అబ్రాహామే సొదొమ రాజు దోపుడు సొమ్ము ఇయ్యజూపినప్పుడు, చెప్పుల వారునైనను ముట్టనని నిరాకరించెను. పూర్తి వెల చెల్లించుటకు వెనుదీయని చెయ్యి, ఊరక వచ్చు సొమ్మును చూచి వెనుదీసెను.

దీనికి ఎదురుగా నాబోతు ద్రాక్షతోట నిలిచియున్నది. యెజెబెలు కత్తి పట్టలేదు. తాకీదులు వ్రాయించి రాజు ముద్ర వేయించెను. సాక్షులు వచ్చిరి, విచారణ జరిగెను, తీర్పు వెలువడెను. పత్రముల వరుసలో లోపమేమియు లేదు. అహాబు చేసినదెల్ల, లేచి పోయి తోటను స్వాధీనపరచుకొనుటయే. అయినను ప్రవక్త ఏలీయా ఆ తోటలోనే అతనిని ఎదుర్కొని, హత్యచేసి స్వాధీనపరచుకొనిన వానిగా అతనిని నిలదీసెను. అడుగక తీసికొన్న చెయ్యి, చేసిన చేతితో కలిపి లెక్కింపబడెను.

అయితే ఇందుకు బలమైన అభ్యంతరమొకటి కలదు, దానిని త్రోసివేయరాదు. లోకములోని ప్రతి వస్తువునకును చరిత్ర కలదు. ఇంటి ఇటుక వెనుక ఎవరి కన్నీరున్నదో, బియ్యపు గింజ వెనుక ఎవరి అప్పున్నదో ఎవడు చెప్పగలడు? అన్నియు విచారించిన పిమ్మటనే కొనవలెనన్నచో విశ్వాసి ఉప్పురాయి కూడ కొనలేడు. కొరింథు సంఘమువారికి అపొస్తలుడైన పౌలు ఈ విషయముననే ఆలోచన చెప్పెను. అంగడిలో అమ్మబడు మాంసమును, మనస్సాక్షి నిమిత్తము ఏ విచారణయు చేయక తినవచ్చునని వారికి స్వేచ్ఛ నిచ్చెను. కనుక అనంతమైన అనుమానము భక్తి కాదు; అది ఆత్మకు రోగము.

కాని పౌలు అంతటితో ఆగలేదు. అది విగ్రహములకు అర్పింపబడినదని ఎవడైన తెలియజేసినచో తినవద్దని చెప్పెను. తన మనస్సాక్షి నిమిత్తము కాదు, తెలియజేసినవాని మనస్సాక్షి నిమిత్తమే. ఇక్కడ చర్చ మాంసమునుగూర్చినదైనను, అందలి వివేకము బేరమునకు కూడ వెలుగు చూపుచున్నది. తెలియకుండుట వేరు, తెలిసికొనకుండుట వేరు. మొదటిది మానవ పరిమితి. రెండవది మనుష్యుడు తానై ఎన్నుకొను చీకటి. సూచన ఏమియు లేని చోట విశ్వాసి సమాధానముతో కొనవచ్చును. రంగు క్రింద పేరు కనబడుచున్నప్పుడు, అంకెల రేకు ఊడియున్నప్పుడు, ధర అన్యాయముగా చవుకైనప్పుడు, వస్తువే నోరు తెరచి తెలియజేయుచున్నది. అప్పుడు అడుగకుండుట అజ్ఞానము కాదు. అది ఒక క్రియ. తక్కువైన ధర, ఆ మౌనమునకు ముట్టజెప్పబడిన వెల.

భారతదేశపు చట్టము కూడ ఈ విషయమున కొంత కఠినముగానే యున్నది. 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, సామాన్యముగా అమ్మువాడు తనకు లేని హక్కును కొనువానికి ఇయ్యజాలడు. దొంగసొత్తని తెలిసియో, నమ్ముటకు కారణముండియో దురుద్దేశముతో పుచ్చుకొనుట నేరము. కాని మనస్సాక్షి చట్టము ఆగిన చోట ఆగదు. అప్పు ఇచ్చినవాడు తుపాను యేట పేదవాని పడవను సగము వెలకు వ్రాయించుకొనినచో, పత్రము చెల్లును, హక్కు నిలుచును, ఏ న్యాయాధిపతియు తప్పుపట్టడు. దేవుని యెదుట ఆ వ్యవహారము ముగిసినదని ఎవడు చెప్పగలడు?

దావీదు దాహముగొని బేత్లెహేము బావి నీళ్లను కోరినప్పుడు, ముగ్గురు బలాఢ్యులు శత్రుదండును చీల్చుకొని పోయి తెచ్చిరి. ఆ నీరు దొంగిలింపబడినది కాదు, ప్రేమతో తేబడినది. అయినను అది మనుష్యుల ప్రాణముల వెలగలదని గ్రహించి, అతడు త్రాగక యెహోవాకు పారబోసెను. దాహమున్నను చేతిలోని పాత్రలో ఏమున్నదో చూచుటయే భక్తి.

తిరిగి ఇచ్చిన మనుష్యుడు

ఈ మాటలు వినుటకు ఇంపుగానున్నను ఆచరణకు అసాధ్యమని కొందరు తలంచవచ్చును. అందుకు జవాబుగా ప్రైవేటీర్ల చరిత్రలోనే ఒక మనుష్యుడున్నాడు. ఇంగ్లాండులోని ఫాల్‌మత్ రేవున జోసెఫ్ ఫాక్స్ అను వైద్యుడుండెను. అతడు యుద్ధమును నిషేధించు క్వేకరు సమాజమునకు చెందినవాడు. కొన్ని ఓడలలో వాటాదారుడు. 1778లో ఫ్రాన్సుతో యుద్ధము రాగా, తక్కిన వాటాదారులు అతని అభ్యంతరమును లెక్కచేయక, ఆ ఓడలకు ఫిరంగులమర్చి అనుమతి పత్రము తెచ్చిరి. ఫ్రెంచి వర్తకనౌకలు పట్టుబడెను. న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఫాక్సు వాటా సొమ్ము అతని చేతికి వచ్చెను.

ఆ సొమ్ము చట్టప్రకారము అతనిదే. దానిని వద్దనినచో తక్కినవారే పంచుకొందురు. తానుంచుకొనినచో దేవుడు లెక్క అడుగును. అతడు దానిని పుచ్చుకొనెను గాని తనదిగా నెంచలేదు. వ్యయము చేయక వేరుగా దాచెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1785లో, తన కుమారుడైన ఎడ్వర్డ్ లాంగ్ ఫాక్సును పారిసునకు పంపి, నష్టపోయిన ఓడల యజమానులు వచ్చి తమ సొమ్ము తీసికొనవలసినదని అచ్చటి వార్తాపత్రికలో ప్రకటన చేయించెను. శత్రువులుగా నెంచబడిన వారిని వెదకి వెదకి చెల్లించిరి. ఆ ప్రకటనను దక్షిణ ఫ్రాన్సులోని కాంజెని గ్రామమందలి కొందరు భక్తులు చదివి, యుద్ధమును నిరాకరించు తమవంటి విశ్వాసులు ఇంగ్లాండులోనున్నారని తెలిసికొని వారికి ఉత్తరము వ్రాసిరి. ఒక మనుష్యుడు తిరిగి ఇచ్చిన సొమ్మువలన రెండు దేశముల విశ్వాసులకు సహవాసము కలిగెను.

జక్కయ్య యింటిలో జరిగినదియు ఇదియే. అతడును పత్రముగల మనుష్యుడే. రోమా ప్రభుత్వపు సుంకము వసూలు చేయు అధికారము అతనికుండెను. ప్రభువు తన యింట అడుగుపెట్టగానే ఆ అధికారము అతని హృదయమును కప్పియుంచలేకపోయెను. నాలుగంతలు తిరిగి ఇత్తునని నిలువబడి చెప్పెను. రక్షణ ఆ యింటికి వచ్చినదనుటకు గురుతు, తెరువబడిన ఆ సంచియే.

రాజ్యములు కూడ ఆలస్యముగానైనను ఈ సత్యము వైపు ఒక అడుగు వేసినవి. 1856 ఏప్రిల్ 16న పారిసులో చేయబడిన ప్రకటన ప్రైవేటీర్ల పద్ధతిని రద్దుచేసినది. అమెరికా సంయుక్త రాష్ట్రములు దానిపై సంతకము చేయకపోయినను ఆ పద్ధతి క్రమముగా అంతరించినది. ఫాక్సు తన మనస్సాక్షితో చేసిన దానిని లోకము చట్టముగా చేయుటకు 70 సంవత్సరములు పట్టినది.

మరల నది ఒడ్డున

ఇక మురుంగపాక్కం ఒడ్డున నిలిచిన విశ్వాసి యేమి చేయవలెను? అతడు ముందు అడుగవలెను. “ఈ పేరు ఎవరిదండీ? వారితో ఒక్కమాట మాట్లాడవచ్చునా?” అని నెమ్మదిగా అడిగినచో చాలును. అమ్ముటకు న్యాయమైన కారణము ఎంతో ఉండవచ్చును. వృద్ధుడైన మత్స్యకారుడు పని మానుకొనియుండవచ్చును. కుమారులు వేరు ఉద్యోగములకు పోయియుండవచ్చును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత దాతలు ఈ తీరమున అనేకమైన ఫైబరు పడవలను పంచిరి గనుక, ఒకరి అక్కర తీరి చేతులు మారిన పడవయు అయియుండవచ్చును. సత్యము తెలిసినచో అతడు సంతోషముగా కొనవచ్చును. అవసరమైనచో అబ్రాహామువలె పూర్తి వెల చెల్లింపవచ్చును. పూర్వపు యజమాని కష్టములో అమ్ముకొనుచున్నాడని తెలిసినచో, ఆ కష్టమును తన లాభముగా మార్చుకొనకుండుటయే క్రైస్తవుని బేరము.

జవాబు రానిచో అతడు వెనుకకు తిరుగవలెను. ఇది చెప్పుట సుళువు. సొమ్ము నడుముననే యున్నది గాని, నిషేధము ముగియవచ్చినది. ఇంటివద్ద చెవికమ్మల మీద వడ్డీ పెరుగుచున్నది. ఒట్టి చేతులతో యానాము చేరినవానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుదురు. పేదవాని మనస్సాక్షికి ధనవంతుని మనస్సాక్షి కంటె ఎక్కువ ఖర్చగును. అందుచేత ఈ ప్రశ్న అతని ఒక్కనిదే కాదు. అతని సంఘమునకు కూడ చెందినది. పడవ కొనక తిరిగి వచ్చిన సహోదరుని మెచ్చుకొని ప్రార్థనచేసి పంపివేయు సంఘము, అతని భారములో పాలుపొందలేదు. వేరొక పడవ దొరకువరకు వడ్డీ లేని చేబదులు ఇచ్చుటయు, తన పడవలో అతనికి చోటిచ్చుటయు, అతని మనస్సాక్షిలో పాలివారగుటయే.

ఈ పరీక్ష పడవలు కొనువారికే కాదు. పాత మోటారుసైకిలు కొనువానికిని, అప్పుల క్రింద పోయిన పొలమును వేలములో పాడువానికిని, తండ్రి కూడబెట్టిన ఆస్తిని పంచుకొను కుమారులకును ఇదియే పరీక్ష. ఇంటిలోని వస్తువులలో ఏదైనను అడుగక తెచ్చుకొన్నది ఉన్నదేమో అని సంవత్సరమునకు ఒక్కసారియైనను విశ్వాసి చూచుకొనుట మంచిది. తిరిగి ఇచ్చుటకు మనుష్యుడు బ్రదికియుండగానే వెదకవలెను. ఫాక్సు వెదకినట్లు పత్రికలోనైనను పిలువవలెను.

పడవను తట్టి చూచిన వ్రేళ్లకు బోలు ఎక్కడున్నదో తెలియును. మనుష్యుని హృదయమును తట్టి చూచు చెయ్యి మరియొకటి ఉన్నది. ఆ చెయ్యి రంగును చూడదు, కాగితమును అడుగదు. మేకులు దిగిన ఆ చేతికి, వెల పూర్తిగా చెల్లించుట అనగా ఏమో తెలియును. ఆ చేతి క్రింద బోలుగా పలుకని బ్రదుకు, ఒట్టి చేతులతో బస్సెక్కి యింటికి పోయినను, నిండైన బ్రదుకే.